లైన్ క్లియర్ అడిగిన రాత్రులు

నిద్రలో నాకిప్పటికీ గంట వినిపిస్తుంది. ఒక్క దెబ్బ కొడితే ‘ఉన్నావా, ఫోనెత్తు’ అని. రెండు కొడితే ‘లైన్ క్లియర్ ఇస్తావా’ అని. మూడు కొడితే బండి అక్కడ బయల్దేరి మన దారిలోకి వచ్చేసిందని. నాలుగు కొడితే తోకదీపంతో సహా బండి మొత్తం చేరింది, దారి ఖాళీ అని. ఆరు దెబ్బలు వరసగా పడితే మాత్రం గుండె నోట్లోకి వచ్చేది. దారిలో ఏదో ఆపద ఉంది, ఏ బండినీ కదలనీయొద్దు అని దాని అర్థం. ముప్పై ఐదేళ్ళ ఉద్యోగంలో ఆ ఆరు దెబ్బలు రెండేసార్లు విన్నాను. నిద్రలో వినిపించేది మాత్రం ఎప్పుడూ ఆ ఒక్క దెబ్బే. లేచి కూర్చుని చీకట్లో ఫోను కోసం తడుముకుంటాను.

1983లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేరాను. డోన్‌కూ బేతంచెర్లకూ నడుమ ఒక చిన్న స్టేషన్లో పోస్టింగు. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా గుంటూరు పోయే మీటర్ గేజి దారి అది. ఆ దారి పుట్టిందే కరువు కడుపున. 1876–78 నాటి కరువును మా పెద్దలు ధాత కరువు అనేవాళ్ళు. ధాన్యం ఉన్న చోటి నుంచి లేని చోటికి చేర్చే దారి లేక సీమలో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ దెబ్బ తగిలాకే బళ్ళారి సీమను కృష్ణా డెల్టాతో కలుపుతూ బళ్ళారి–కిష్ణా స్టేట్ రైల్వే పేరుతో పట్టాలు పరిచారు. 1880ల్లో నల్లమల కొండల్ని దొలుచుకుంటూ సాగిన పని అది. వందేళ్ళ తరవాత నేను డ్యూటీ చేసింది ఆ పట్టాల పక్కనే.

స్టేషనంటే ఒక గది, ఒక వరండా, ఒక వేపచెట్టు, నాలుగు క్వార్టర్లు. నేలకు పరిచింది బేతంచెర్ల నాపరాయి. ఎండాకాలం మధ్యాహ్నం దానిమీద ఉత్త కాళ్ళతో నిలబడలేం. ఊరు రెండు మైళ్ళ దూరం. మార్చి దాటితే బావి అడుగంటేది. ప్యాసింజరు బండి ఆగితే గ్యాంగ్‌మన్ల ఆడవాళ్ళు బిందెలతో ఇంజను దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. డ్రైవరు మంచివాడైతే రెండు నిమిషాలు ఎక్కువ ఆపి నీళ్ళు వదిలేవాడు. ఆ రెండు నిమిషాలు నా రిజిస్టరులో ఎట్లా రాయాలో నాకు తెలుసు, అవతల కంట్రోలరుకూ తెలుసు. ఏ రోజూ ఆయన కారణం అడగలేదు.

ఇప్పటి పిల్లలకు చెప్తే కథలా వింటారు గాని, అప్పుడు ఒంటి దారి మీద రెండు బళ్ళు ఎదురెదురు రాకుండా కాపాడింది ఒక ఇనుప గుండు. గదిలో మూలన ఎర్ర రంగు ఇనుప పెట్టె నిలబడి ఉండేది. నీల్స్ టోకెన్ ఇన్‌స్ట్రుమెంట్. దాని జోడీ పక్క స్టేషన్లో. రెండింటి నడుమ తీగ. పెట్టె కడుపులో క్రికెట్ బంతంత ఉక్కు గుండ్లు. ఒక్కోదాని మీద అటు ఇటు స్టేషన్ల పేర్లు చెక్కి ఉండేవి. బండి పంపాలంటే నేను గంట కొట్టి అడగాలి, అవతలి మాస్టరు ఒప్పుకుని తన పిడి తిప్పాలి, అప్పుడు నా పిడి తిరుగుతుంది, గుండు డభీమని జారి చేతిలో పడుతుంది. ఆ గుండు డ్రైవరు చేతిలో ఉంటేనే ఆ దారి అతనిది. అది అవతలి పెట్టెలోకి పోయి పడేదాకా ఈ రెండు పెట్టెల్లోంచీ ఇంకో గుండు రాదు. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి అడిగినా రాదు.

రాత్రి రెండింటికి ఆగకుండా పోయే గూడ్సు వస్తుందనుకోండి. గుండును తోలుసంచిలో పెట్టి, సంచిని పెద్ద రింగుకు కట్టి, పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫాం చివర కాగడా పక్కన నిలబడేవాడు. చెయ్యి చాచి, రింగు పైకెత్తి, కాలు కదపకుండా. వైజీ ఇంజను పొగా నిప్పురవ్వలూ కక్కుతూ వచ్చేది. ఫైర్‌మన్ సగం ఒళ్ళు బయటికి వంచి, మోచెయ్యి మడిచి, మన రింగులోకి చెయ్యి దూర్చేవాడు. అదే ఊపులో వెనకటి దారి రింగును కిందికి విసిరేవాడు. అంతా ఒక్క రెప్పపాటు. రింగు తగిలి మోచేతి దాకా కమిలిపోయిన పాయింట్స్‌మన్లను ఎంతమందిని చూశానో. విసిరిన రింగు ఒక్కోసారి తుమ్మచెట్ల లోకి పోయి పడేది. లాంతరు పట్టుకుని ఇద్దరం వెతికేవాళ్ళం. అది దొరికి పెట్టెలో పడేదాకా వెనక బండికి దారి లేదు.

నా తప్పు ఒకటి చెప్పాలి. వరసగా మూడో రాత్రి డ్యూటీ. చివరి గూడ్సు ఎప్పుడో వెళ్ళింది. అవతల చేరిన నాలుగు దెబ్బలు విన్నాననే అనుకున్నాను. వెనక మరో బండి వచ్చి సిగ్నల్ దగ్గర కూతలు పెడుతోంది. లేచి పిడి మీద చెయ్యి వేసి తిప్పబోయాను. కదల్లేదు. బలంగా తిప్పాను. కదల్లేదు. అప్పుడు రిజిస్టరు చూస్తే చేరిన టైము గడి ఖాళీగా ఉంది. ముందు బండి ఇంకా దారిలోనే ఉంది. నేను విన్న నాలుగు దెబ్బలు నిద్రలో విన్నవి. ఆ రాత్రి తెల్లారే దాకా ఆ ఎర్ర పెట్టె పక్కనే నిలబడ్డాను, కూర్చోలేదు.

అందుకే యంత్రాల మీద నాకు ఏనాడూ కోపం లేదు. ఆ పెట్టె కూడా యంత్రమే. నా మతిమరుపును అది ఒప్పుకోలేదు. కానీ అది నా పనిని నాకే వదిలింది. గంట నేనే కొట్టాలి, పిడి నేనే తిప్పాలి, తోకదీపం నా కళ్ళతోనే చూడాలి, టైము నా చేత్తోనే రాయాలి. చేతులు ఆ పని చేస్తూ ఉన్నంతసేపూ, ఎక్కడ ఏ బండి ఉందో తలకు తెలుస్తూ ఉండేది.

1991లో సెక్షన్ కంట్రోలరునయ్యాను. మొదట నంద్యాల సెక్షన్ బోర్డు, తరవాత కడప సెక్షన్ బోర్డు. స్టేషన్ మాస్టరుకు రెండు పక్కలా ఒక్కో స్టేషన్ తెలిస్తే చాలు. కంట్రోలరుకు సెక్షన్ మొత్తం తెలియాలి. డ్యూటీ ఆరు గంటలే. ఎనిమిది గంటలు ఎవరూ చేయలేరని రైల్వే ముందే ఒప్పుకున్న కుర్చీ అది. చెవులకు హెడ్‌ఫోను, ముందర బల్ల నిండా పరిచిన చార్టు. అడ్డంగా గంటలూ నిమిషాలూ, నిలువునా స్టేషన్లు. ఒక్కో బండి ఒక్కో ఏటవాలు గీత. ఎక్స్‌ప్రెస్ గీత నిటారుగా పోతుంది, గూడ్సు గీత బద్ధకంగా ఒరుగుతుంది, ఆగి ఉన్న బండి గీత పక్కకు పాకుతుంది. జరగబోయేది మామూలు పెన్సిలుతో, జరిగింది రంగుతో గీసేవాళ్ళం. ఎదురెదురుగా వచ్చే రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో అక్కడ ఒక స్టేషన్ ఉండి తీరాలి. రెండు స్టేషన్ల నడుమ కలిసినట్టు గీస్తే, అది చార్టు మీద పడిన యాక్సిడెంటు. రబ్బరుతో చెరిపి, ఒక బండిని వెనక స్టేషన్లో లూపులో పెట్టి మళ్ళీ గీయాలి.

స్టేషన్ మాస్టర్లకు పేర్లుండేవి కావు, ఊర్లే పేర్లు. “బేతంచెర్లా, చెప్పప్పా.” “కంట్రోల్, గూడ్సు ఇప్పుడే దాటిపోయిండాది. ఇంజను బాగ లాగడంలేదన్నా, టైము పట్టేటట్టుంది.” ఆ ఒక్క మాట కోసం ప్యాసింజరును పాణ్యంలో పట్టేవాణ్ణి. కడప బోర్డులో కూర్చుంటే ముద్దనూరు, ఎర్రగుంట్ల, కమలాపురం, ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, ఓబులవారిపల్లె. ఇది మద్రాసు రైల్వే వాళ్ళు వేసి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిపిన పాత పెద్ద లైను. మంగంపేట ముగ్గురాయి వ్యాగన్లు ఒకపక్క, ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం 1994లో మొదలయ్యాక బొగ్గు బళ్ళు మరోపక్క, నడుమ మద్రాసు–బొంబాయి మెయిళ్ళు. గొంతు విని మనిషిని పోల్చుకునేవాణ్ణి. గొంతులో నిద్ర ఉంటే తెలిసేది. జ్వరం ఉంటే తెలిసేది. ఇంట్లో ఏదో జరిగిందని కూడా ఒక్కోసారి తెలిసేది. అట్లాంటి రాత్రి ఎదురెదురు బళ్ళ క్రాసింగ్ ఆ స్టేషన్లో పెట్టకుండా పక్క స్టేషన్‌కు మార్చేవాణ్ణి. ఎందుకు మార్చావని ఏ రిజిస్టరూ అడగలేదు.

డ్యూటీ దిగేసరికి మెడ పట్టేసేది, చెవులు హోరెత్తేవి. పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడ్డానికి కూడా మాట రాదు. ఇంటికి పోతే పిల్లలు ఏదన్నా అడిగినా ‘ప్రైవేటు నంబరు చెప్పు’ అనేవాణ్ణని మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది. మాట తప్పుగా వినకుండా రెండు పక్కలవాళ్ళూ ఒకరికొకరు అప్పగించుకునే రెండంకెల సంఖ్య అది. ఆ పని బరువు బరువే. కానీ గ్లాసులో నీళ్ళ మట్టంలా ఆ బరువు కంటికి కనిపించేది. చార్టు మీద గీతలు చిక్కబడితే పక్క బోర్డువాడు చూసేవాడు. అడక్కుండానే లేచొచ్చి ఒక ఫోను తనెత్తుకునేవాడు.

అదంతా మా కళ్ళముందే మారింది. 1990ల్లో మీటర్ గేజి పీకి బ్రాడ్ గేజి వేశారు. పెట్టెలు, గుండ్లు, రింగులు పాత ఇనుముగా పోయాయి. కిరసనాయిలు దీపాలూ ఇనుప చేతులూ ఉన్న సిగ్నల్ స్తంభాల చోట రంగు లైట్లు వచ్చాయి. పాయింట్లను లీవర్లతో లాగే క్యాబిన్లు మూతపడి, మాస్టరు గదిలో బటన్ల ప్యానెల్ వచ్చింది. దాని వెనకే కంప్యూటరు తెర. బండి చక్రాల ఇరుసులు లెక్కపెట్టే పరికరాలు పట్టాల పక్కన కూర్చున్నాయి. పోయినన్ని ఇరుసులు చేరితేనే దారి ఖాళీ అని వాటి లెక్క. తోకదీపం కోసం కళ్ళు చిట్లించాల్సిన పని తగ్గింది. కంట్రోల్ ఆఫీసుల్లో చార్టు కాగితం పోయి, గీతలు గీసే పని కంప్యూటరుకు వచ్చింది. స్టేషన్ నుంచి టైము దానంతటదే వచ్చి తెర మీద గీతగా సాగుతుంది. ఇప్పుడు కర్నూలు, డోన్ మీదుగా గుంతకల్లు దాకా కవచ్ కూడా వచ్చింది. డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటబోతే బ్రేకు అదే వేస్తుంది. 2016లో మొదలైన నంద్యాల–ఎర్రగుంట్ల లైనులో నేను బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా చాలాసార్లు ప్రయాణం చేశాను. కర్నూలు జిల్లాకూ కడపకూ నడుమ అట్లాంటి దారి ఉండాలని మా తరం కలగన్నది. దాంట్లో ఎక్కడా మోచెయ్యి కమిలిన పాయింట్స్‌మన్ లేడు. అందుకు సంతోషమే. ఆ కమిలిన చేతుల్ని నేను చూశాను కాబట్టి, ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకోను.

వాటితో పాటు పోయింది మరొకటి ఉందని కొన్నేళ్ళకు గాని నాకు అర్థం కాలేదు. నా చివరి ఉద్యోగ సంవత్సరాలు మరో కంట్రోల్ ఆఫీసులో గడిచాయి. ఒక రాత్రి తెర నిలిచిపోయింది. గీతలు కదలడం లేదు. పక్కన ఉన్న కుర్రాడు చురుకైనవాడు, ఆ యంత్రం సంగతి నాకన్నా పది రెట్లు తెలిసినవాడు. అతని ముఖం పాలిపోయింది. ఏ బండి ఎక్కడుందో అతని తలలో లేదు, ఉండాల్సిన అవసరం అంతవరకూ రాలేదు. నేను పాత రోస్టరు కాగితం తిరగేసి, స్కేలు పెట్టి స్టేషన్ల గీతలు గీసి, ఒక్కొక్క స్టేషన్‌నూ ఫోనులో అడుగుతూ బళ్ళను వాటి చోట్లలో పెట్టాను. నలభై నిమిషాలకు తెర తిరిగొచ్చింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. కానీ నాకు మాత్రమే తెలిసిన నిజం ఒకటుంది. సెక్షన్ బొమ్మ నా తలలోకి రావడానికి పది నిమిషాలు పట్టింది. 1991లో అది నా తలలోంచి పోయేదే కాదు. కుర్రాడికి నేర్పనిదాన్ని నేను మరిచిపోవడం మొదలుపెట్టాను.

మా చెల్లెలి కొడుకు విమానాల ట్రాఫిక్ కంట్రోలరు. ప్రొద్దుటూరులో పుట్టి పెరిగినవాడు. 2015 జూన్‌లో కడప విమానాశ్రయానికి మళ్ళీ విమానాలు మొదలైనప్పుడు, 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం తెరిచినప్పుడు మొదటి ఫోను నాకే చేశాడు. పండక్కి వచ్చినప్పుడు తెర నిలిచిన రాత్రి సంగతి చెప్తే, “మామా, మాదీ అదే కథ” అన్నాడు. వాళ్ళకు ఒకప్పుడు ప్రతి విమానానికీ ఒక పొడుగాటి కాగితం చీటీ ఉండేదట. ప్లాస్టిక్ చట్రంలో బిగించి, వరసగా పేర్చి, ఎత్తు మారితే పెన్సిలుతో కొట్టేసి రాసి, విమానం పక్క కంట్రోలరుకు పోతే చీటీ కూడా తీసి పక్కకు పెట్టేవాళ్ళట. “రాయడం వల్లే తలలో పడేది మామా. చీటీ ఒకటి వంకరగా పెడితే, దానికి ఏదో పని మిగిలిందని గుర్తు. ఇప్పుడు అన్నీ తెర మీదే వస్తాయి. రెండు విమానాలు దగ్గరైతే అదే అరుస్తుంది. చేతికి పని తగ్గింది, అదే మనిషి చేతిలో ఇప్పుడు ఎక్కువ విమానాలు. రాత్రి పని ఎక్కువున్నప్పుడు నాకు భయం లేదు. ఏమీ జరగని రెండు గంటలంటేనే భయం.”

ఆ భయం వాడొక్కడిదే కాదని వాడే చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం నాడు రాడార్ తెర ముందు కూర్చున్న సైనికులు గుర్తుల్ని ఎందుకు వదిలేస్తున్నారని బ్రిటన్‌లో మాక్‌వర్త్ అనే ఆయన పరీక్ష పెట్టాడట. ఒక గడియారం ముల్లు టిక్కుటిక్కుమని కదులుతుంటుంది. ఎప్పుడో ఒకసారి రెండంగలు వేస్తుంది. దాన్ని పట్టుకోవాలి. రెండు గంటల పరీక్షలో మొదటి అరగంట దాటగానే మనుషులు తప్పిపోవడం మొదలైంది. వాళ్ళేమీ సోమరులు కాదు. చేతికి పనిలేని చూపు అంతసేపు నిలవదు, అంతే. బేతంచెర్ల మాస్టరు ప్రతి పావుగంటకూ ‘కంట్రోల్’ అని పిలిచి నన్ను ఎందుకు మేల్కొల్పాడో, అందులో ఎంత మేలు ఉందో ఆ రోజు తెలిసింది. ఆ పిలుపులు నాకు పనిభారం అనుకున్నాను. అవే నన్ను నిలబెట్టిన ఊతకర్ర.

2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయంలో సందేశాలు పంపిణీ చేసే కంప్యూటరు వ్యవస్థ చెడిపోతే, విమానాల వివరాలు కంట్రోలర్లు చేత్తో సరిచూసుకోవాల్సి వచ్చింది. వందల విమానాలు ఆలస్యమయ్యాయి. టీవీలో జనం ప్రయాణికుల క్యూలు చూశారు. నేను మాత్రం కనిపించని ఆ గది గురించి ఆలోచించాను. యంత్రం చేసే పని ఒక్కసారిగా తిరిగి మనుషుల చేతుల్లో పడింది. ఆ చేతులకు అలవాటు తప్పితే? ఆ రోజు ఆలస్యమైతే అయ్యాయి గాని విమానాల్ని కాపాడారు. ఆ కంట్రోలర్లకు మనసులో దండం పెట్టుకున్నాను.

యంత్రం వస్తే మనిషి పనిభారం తగ్గుతుందని లెక్క వేసేవాళ్ళు చేతులు చేసే పనినే లెక్కపెడతారు. ఎన్ని ఫోన్లు తగ్గాయి, ఎన్ని గీతలు తగ్గాయి, ఎంతమంది మనుషులు మిగిలారు. మిగిలిన మనిషి తలలో ఏం పెరిగిందో చూడరు. రోజంతా ఏమీ జరగని తెరను చూస్తూ కూర్చుని, అది ఆగిన ఆ ఒక్క నిమిషంలో వందేళ్ళ పనితనం చూపమంటారు. నేనడిగేది చిన్నదే. ప్రతి కంట్రోలరుకూ నెలకొక్క పూటైనా తెర పక్కన కాగితం ఇవ్వండి. యంత్రం గీతలు గీస్తుండగానే వాళ్ళనూ గీయనివ్వండి. స్టేషన్లను గొంతుతో పలకరించనివ్వండి. ఇద్దరు చేసే కుర్చీని తెర వచ్చిందని ఒక్కరికి అప్పగించే ముందు, తెర ఆగిన రాత్రి ఆ ఒక్కడు ఎంత మోయాలో అడగండి.

పోయిన సంక్రాంతికి మేనల్లుడు “మామా, మీ చార్టు ఎట్లుండేదో ఒకసారి గీసి చూపీ” అన్నాడు. గోడ క్యాలెండరులో డిసెంబరు కాగితం చించి తిరగేశాడు. స్కేలు పెట్టి స్టేషన్ల గీతలు గీశాను. గుంతకల్లు, మద్దికెర, పెండేకల్లు, డోన్, బేతంచెర్ల, పాణ్యం, నంద్యాల. పైన రాత్రి గంటలు. నంద్యాల నుంచి ప్యాసింజరు, డోన్ నుంచి గూడ్సు. రెండు గీతలు దగ్గరవుతున్నాయి. నడుమలో నా చిన్న స్టేషన్ గీత ఉంది.

“ఇక్కడ క్రాసింగ్ కదా మామా” అని వేలు పెట్టాడు.

“కాదు నాయనా. బేతంచెర్లలో పట్టాల. ఈ స్టేషన్లో ఈ రాత్రి మాస్టరుకు నిద్ర చాలలేదు, గొంతు విన్నా” అన్నాను.

వాడు కాగితం నుంచి తలెత్తి నా వైపు చూశాడు. ఆ మాస్టరు ఎవరని అడగలేదు. పెన్సిలు నా చేతిలోంచి తీసుకుని, గూడ్సు గీతను చెరిపి, బేతంచెర్ల దాకా జరిపి, మళ్ళీ గీశాడు. గీత తిన్నగా వచ్చింది.